ముళ్లపందికి కాఫీ

ఆ వేసవంతా ఒక ముళ్లపంది రోజూ మా ఇంటికొచ్చి కాఫీ మర్యాదలు చేయించుకుని వెళ్ళింది. అబద్ధమనుకుంటే ఇటలీకి సముద్రం ఇవతలున్న మా దుర్రెస్ రేవులో మా వీధిలో ఎవరినైనా అడగండి, నవ్వుకుంటూనే నిజమని చెబుతారు. కాఫీ పోసింది మా అత్తగారు ప్రెండా. ఆవిడ మీద జూన్‌లో నాకున్న అభిప్రాయం వేరు, సెప్టెంబరుకి ఏర్పడ్డది వేరు. ఆ తేడా చెప్పుకోకపోతే నాకు మనశ్శాంతి లేదు.

జూన్ మొదటి వారంలో మా ఎల్బాని కిండర్‌గార్టెన్‌లో చేర్పించడానికి తీసుకెళ్ళాను. దానికి మూడేళ్ళు దాటి మూడు నెలలు. పెద్ద టీచరు ఝనెతా గారు ముక్కు మీదికి జారిపోయే కళ్ళద్దాలతో, చేతిలో రిజిస్టరుతో వచ్చి, పిల్ల ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, "నీ పేరేంటమ్మా?" అంది.

ఎల్బా ఆవిడ భుజం మీదుగా గోడకేసి చూసి, "రోస్సో" అంది.

గోడ ఎర్రగా ఉంది. ఇటాలియన్‌లో ఎరుపుని అలాగే అంటారు. నేను పొంగిపోయాను. "చూశారా టీచర్! రంగులన్నీ వచ్చు. ఇరవై దాకా అంకెలు, జంతువుల పేర్లు, అన్నీ ఇటాలియన్‌లోనే. పిల్లల ఛానెల్ చూసి దానంతటదే నేర్చుకుంది."

"మీ అమ్మ ఏదీ? చూపించు" అంది ఆవిడ, నా మాట విననట్టే.

"జాల్లో" అంది ఎల్బా. కిటికీ తెర పసుపుపచ్చది.

ఝనెతా గారు మోకాళ్ళు దులుపుకుని లేచింది. "ఎర్మిరా గారూ, మీ అమ్మాయి రంగు పేరు గోడకి చెప్పింది. నాకు చెప్పలేదు. ఇంట్లో దాహమేస్తే ఎలా అడుగుతుంది?"

"నా చెయ్యి పట్టుకుని లాక్కెళుతుంది."

"ఆకలేస్తే?"

"అంతే."

"టీవీ ఎంతసేపు చూస్తుంది?"

"అన్నీ మంచి ప్రోగ్రాములే. చదువుకి పనికొచ్చేవే."

"ఎంతసేపు అని అడిగాను."

నేను ఎల్బా గౌను కాలరు సర్దాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అనే జవాబు ఒక్కటే నా దగ్గరుంది.

"సెప్టెంబరు పదో తారీకున మళ్ళీ తీసుకురండి" అంది ఆవిడ. "అప్పటికీ ఇలాగే ఉంటే మామూలు తరగతిలో తీసుకోలేను. డాక్టర్ల కమిటీకి రాయాలి, వాళ్ళు వేరే బడికి పంపిస్తారు. బెదిరిస్తున్నాననుకోకండి. మూడు నెలలు టైముంది."

ఇక్కడ నా తప్పు గురించి చెప్పాలి. ఆ తప్పు మావాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. మా తరానికి ఇటలీ టీవీయే బడి. పాత ప్రభుత్వం రోజుల్లో దాన్ని చూడటం నేరం. మా నాన్న చీకటి పడ్డాక డబ్బా రేకులో తీగలు బిగించి చేసిన యాంటెన్నా డాబా మీద పెట్టేవాడు, తెల్లారకముందే పీకేసేవాడు. అలా దొంగచాటుగా చూసి నేర్చుకున్న భాషతోనే ఇవాళ బతుకుతున్నాను. కాల్ సెంటర్లో రోజుకి ఎనిమిది గంటలు ఇటలీవాళ్ళకి ఫోన్ చేసి కరెంటు కనెక్షన్లు మార్పించే ఉద్యోగం. అక్కడ నా పేరు మోనికా. అటువైపు వాళ్ళకి నేను సముద్రానికి ఇవతల ఉన్నానన్న అనుమానమే రాదు. అందుకే టీవీకి మా ఇంట్లో దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ. దొంగచాటుగా చూసిన నాకే ఇంత చదువొస్తే, పొద్దస్తమానం చూసే నా కూతురు ఎంత గొప్పదవుతుందో అనుకున్నాను.

అప్పటిదాకా ఎల్బాని పక్కింటావిడ చూసుకునేది. చూసుకోవడమంటే టీవీ పెట్టి తన వంట తను చేసుకోవడం. జూన్ నెలాఖరుకి ఆవిడ గ్రీసులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మా ఆయన జోవలిన్ ఇటలీ వెళ్ళే ఫెర్రీలో మెకానిక్కు, రెండు రోజులు నీళ్ళ మీద, ఒక రోజు ఇంట్లో.

"మా అమ్మని తీసుకొస్తా" అన్నాడు.

"వద్దు బాబోయ్! ఆవిడకి ఇటాలియన్ ఒక్క ముక్క రాదు. పిల్లకి వచ్చింది కూడా పోతుంది."

"ఉన్న రెండు ఆవుల్నీ వదిలి, గడ్డి కోత వదిలి వస్తానంటోంది. వద్దని నువ్వు చెప్పు, నా వల్ల కాదు."

చెప్పలేకపోయాను. ఆవిడ డెబ్బై ఏళ్ళ మనిషి. ఉత్తరాది కొండల్లో పుట్టి అక్కడే ముసలిదైంది. ఆ లోయలోకి ఇటలీ టీవీ ఏనాడూ అందలేదు. మాట్లాడితే అవతలి కొండ మీదున్న వాళ్ళని పిలుస్తున్నట్టే ఉంటుంది. అక్కడ తల్లిని లోకే అంటారు, జోవలిన్‌తోపాటు నేనూ అలాగే పిలుస్తాను. లిఫ్టు లేని ఐదో అంతస్తుకి జున్ను మూట భుజాన వేసుకుని ఎక్కి వచ్చింది. వచ్చీ రాగానే టీవీ కట్టేస్తుందని, నాకూ ఆవిడకీ పెద్ద గొడవవుతుందని సిద్ధపడే ఉన్నాను.

ఆదివారం పొద్దున్న ఎల్బా లేవగానే రిమోట్ తనే నొక్కింది. తెర మీద పసుపు బూట్ల అమ్మాయి, ఆ అమ్మాయి చేతికి తొడుక్కున్న గుడ్డ ముళ్లపంది. ముళ్లపంది ఒక ప్రశ్న అడుగుతుంది, మూడు సెకన్లు కళ్ళార్పుతూ ఊరుకుంటుంది, ఆ తర్వాత శభాష్ అంటుంది. ఇంట్లో పిల్లలు జవాబు చెప్పేశారనుకుని అన్నమాట. ఎల్బా నోరు తెరుచుకుని, కదలకుండా చూస్తోంది.

అత్తగారు తలగుడ్డ బిగించుకుని, నిలబడే కాసేపు చూసింది.

"ఎవరే ఈయన?"

"ముళ్లపంది, లోకే. పిల్లల ప్రోగ్రాం."

"ఏదో అడుగుతున్నాడే."

"ఆ బంతి ఏం రంగని అడుగుతున్నాడు."

"మరి ఎవరూ చెప్పరేం?"

"అది టీవీ కదండీ!"

"టీవీ అయితే? మన గడప లోపలికొచ్చాడు, ఏదో అడిగాడు, జవాబు కోసం ఆగుతున్నాడు కూడా. మర్యాద తెలిసిన జంతువు. లేంది మీకే. ఎన్నాళ్ళ నుంచి వస్తున్నాడు?"

"ఏడాదిన్నర."

"ఏడాదిన్నరా!" ఆవిడ చెంప మీద చెయ్యేసుకుంది. "ఏడాదిన్నర నుంచి ఒక ప్రాణి ఇంటికొచ్చి మాట్లాడుతుంటే పలికే దిక్కు లేదు. పైగా అతిథిని పసిపిల్ల నెత్తిన పడేసి మీరు మీ దారిన పోతారా? మా వైపు ఇలాంటి ఇంటికి పిల్లనివ్వరు తెలుసా?"

వంటింట్లోకి వెళ్ళి కాఫీ కాచింది. ఒక కప్పు తనకి, ఒకటి నాకు, మూడోది తీసుకెళ్ళి టీవీ ముందు బల్ల మీద పెట్టింది. ఎల్బా కప్పుకేసి చూసింది, ముళ్లపందికేసి చూసింది, తల తిప్పి నాయనమ్మకేసి చూసింది. టీవీ నడుస్తుండగా దాని చూపు తెర మీంచి తప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

అత్తగారు దాని పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. ముళ్లపంది అడిగినప్పుడల్లా, "ఏమంటున్నాడే? నాకు వాళ్ళ భాష రాదు" అని పిల్లని అడిగింది. పిల్ల పలకలేదు. తనే ఏదో ఒకటి మా భాషలో గట్టిగా చెప్పింది. అరగంటకి తన కాఫీ అయిపోయింది. లేచి నిలబడి, "సంతోషం నాయనా, మీ ఇంట్లోవాళ్ళని అడిగానని చెప్పు" అని టీవీకి వీడ్కోలు చెప్పి, "ఏ బొత్తామే?" అని నన్నడిగి, నొక్కేసింది.

ఎల్బా నేల మీద పడి గంటసేపు ఏడ్చింది.

"అతిథి వెళ్ళిపోయాడని ఏడుస్తోంది" అంది ఆవిడ తృప్తిగా. "మంచి బుద్ధే."

"ఇంకాసేపు ఉంచొచ్చు కదా లోకే, పాఠం మధ్యలో ఉంది!"

"అరగంట కూర్చుంటే అతిథి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే ఇంటి యజమాని. ఈ ఇంట్లో యజమాని ఎవరో మీరూ మీరూ తేల్చుకోండి."

అంతటితో ఆగలేదు. కొండల్లో ఒకరు ఇంటికొస్తే తిరిగి వాళ్ళింటికి వెళ్ళకపోవడం అవమానం. ముళ్లపంది రొట్టెల గురించి చెబితే ఆ మధ్యాహ్నం నాయనమ్మా మనవరాలూ బేకరీకి వెళ్ళి పిండి కలపడం చూసొచ్చేవారు. చేపల గురించి చెబితే రేవుకి. "వాళ్ళొచ్చారు, మనం వెళ్ళొద్దూ?" అనేది. నల్ల తలగుడ్డ, పెద్ద కుచ్చెళ్ళ లంగా, ఆ గొంతు. వేసవికి సముద్రతీరానికి వచ్చినవాళ్ళందరూ ఆగి చూసేవారట. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, "ముళ్లపంది బాగున్నాడా, కాఫీలో పంచదార సరిపోయిందా?" అని మెట్ల మీద నన్ను ఆటపట్టించేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

జులై సగం గడిచినా ఎల్బా నోట ఒక్క కొత్త మాట రాలేదు. పైగా రోజూ చెప్పే అంకెలు కూడా చెప్పడం మానేసింది. ఒకరోజు పని నుంచి వచ్చేసరికి టీవీ మీద అల్లిక గుడ్డ కప్పి ఉంది. దాని మీద పూలకుండీ. పిల్ల ఒళ్ళంతా పిండి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా కూతురికి ఉన్న ఒక్క చదువూ ఊడగొట్టారు మీరు! ఆ టీవీయే నాకు ఇంత తిండి పెడుతోంది. నేనెలా నేర్చుకున్నానో మీకేం తెలుసు? డబ్బా రేకు పెట్టుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూసేవాళ్ళం!"

ఆవిడ పిండి చేతులు దులుపుకుంది. కోపం తెచ్చుకోలేదు. "చూసేవాళ్ళం అన్నావు. ఎంతమంది?"

"అంటే?"

"అప్పుడు నీ పక్కన ఎవరెవరు కూర్చునేవాళ్ళు?"

లెక్కపెట్టాల్సొచ్చింది. నాన్న, అమ్మ, ఇద్దరు మేనమామలు, కింది ఇంటివాళ్ళు ఐదుగురు, తలుపేసుకుని వచ్చే పోస్టుమాస్టరు, ఆయన భార్య. "వాడేమన్నాడు?" అని ఒకరు, "అది కాదు, ఇలా అన్నాడు" అని ఇంకొకరు. తెల్లారాక పెరట్లో పిల్లలమంతా చూసింది చూసినట్టు ఆడేవాళ్ళం.

"పదకొండు మంది" అన్నాను.

"మరి దీని పక్కన?"

వెళ్ళి మొహం కడుక్కున్నాను. నిజంగానే సిగ్గేసింది.

ఆగస్టు మొదట్లో నా గొంతు పోయింది. మా ఉద్యోగంలో అది మామూలే. డాక్టరు పది రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు, గుసగుసలాడినా ఇంకా చెడుతుందన్నాడు. ఇంట్లో మూగదానిలా కూర్చున్నాను. అలా కూర్చున్నాక గానీ మా అత్తగారు ఏం చేస్తోందో నాకు పూర్తిగా అర్థం కాలేదు.

ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది. ఉల్లిపాయ తరుగుతూ ఉల్లిపాయ గురించి, మెట్లు దిగుతూ మెట్ల గురించి. అడిగి ఆగుతుంది. ముళ్లపంది మూడు సెకన్లే ఆగుతుంది, ఆవిడ కాఫీ చల్లారేదాకా ఆగుతుంది. పిల్ల చెయ్యి పట్టుకుని లాగితే కదలదు. "ఏం కావాలి? నేను ముసలిదాన్ని, నాకు తెలీదు" అంటుంది. నేనైతే లాగకముందే తెచ్చిచ్చేదాన్ని. ఎందుకంటే ఎనిమిది గంటలు ముక్కూ మొహం తెలియనివాళ్ళతో నవ్వుతూ మాట్లాడి వచ్చాక నా దగ్గర మాటలు మిగిలేవి కావు. నా మాటలన్నీ అక్కడే అమ్ముడైపోయేవి. నా కూతురికి మిగిలింది టీవీ మాటలే.

నాలుగో రోజో ఐదో రోజో. పొద్దుటి కాఫీ. ముళ్లపంది ఆ రోజు పొలానికి వెళ్ళింది. తెర మీద ఒక గోధుమరంగు గుర్రం తల ఊపుతోంది. అత్తగారు కప్పు నోటి దగ్గర పెట్టుకుని, "అబ్బ, ఎంత పెద్ద మేకో!" అంది.

ఎల్బా నుదురు చిట్లించింది.

"పాలు కూడా బాగానే ఇస్తుందనుకుంటా ఈ మేక."

"కాదు" అంది ఎల్బా. నాయనమ్మ వైపు తిరిగింది. "కాదు. గుర్రం."

మా భాషలో అంది. మొహంలోకి చూసి అంది. నేను లేవబోయాను. అత్తగారు బల్ల కింద నా పాదాన్ని తన చెప్పుకాలితో నొక్కిపెట్టింది.

"గుర్రమా? నిజమే సుమీ. పాడు కళ్ళు" అని మిగిలిన కాఫీ తాగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గుర్రాల మీదే కట్టెలు మోయించిన మనిషి.

ఆ తర్వాత ఆగస్టంతా మా ఇంట్లో పోట్లాటలే. కాదు, వద్దు, నాది, ఇంకా, పో. పుట్టిన ప్రతి మాటా దెబ్బలాటకే పనికొచ్చింది. ముళ్లపంది మాటల్ని మా భాషలోకి మార్చి నాయనమ్మకి చెప్పడం, ఆవిడ కావాలని తప్పు అర్థం చేసుకుంటే విసుక్కోవడం. వాళ్ళిద్దరి సంసారం అది. గొంతు వచ్చాక నేనూ పని నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా గడప మీదే కూర్చుని ఓ పావుగంట దానితో పోట్లాడటం నేర్చుకున్నాను. కొందరు పిల్లలకి డాక్టరే కావాలి, అది వేరే సంగతి. మా పిల్లకి కావాల్సింది ఎదుటి మనిషి. అది నాకు చెప్పడానికి చదువురాని మనిషి కొండ దిగి రావాల్సొచ్చింది.

కానీ ఒక భయం మిగిలే ఉంది. ఎల్బా మాటలన్నీ ఇంట్లోనే. బయటివాళ్ళు పలకరిస్తే మళ్ళీ గోడలకేసి చూసేది.

సెప్టెంబరు పది. ముగ్గురం వెళ్ళాం. గేటు లోపల బెంచీ దగ్గర అత్తగారు ఆగిపోయింది. "నేనొస్తే నా కుచ్చెళ్ళ వెనక దాక్కుంటుంది. మీరు వెళ్ళండి" అంది.

మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఝనెతా గారు పొద్దుటి నుంచి ముప్ఫై మంది పిల్లల్ని చూసి ఉంటుంది. అదే గది, అదే ఎర్ర గోడ. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని పేరడిగింది. ఎల్బా గోడకేసి చూసింది. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది. గోడే. బొమ్మ చూపించి ఇదేంటంది. గోడే. నోట్లోకి వచ్చిన మాటని పళ్ళ మధ్య అదిమి పట్టుకున్నాను. ఇప్పుడు అది రంగు పేరు చెప్పిందంటే మూడు నెలలూ నీళ్ళలో పోసినట్టే.

ఝనెతా గారు కళ్ళద్దాలు తీసి, వేళ్ళతో కళ్ళు నలుపుకుని, పెద్దగా ఊపిరి విడిచింది.

ఎల్బా గోడని వదిలేసి ఆవిడ మొహంలోకి చూసింది.

"అలిసిపోయావాఁ?" అంది.

లోయ అవతలికి వినపడేలా, సాగదీసి అంది. కొండల్లో బయటి నుంచి వచ్చినవాళ్ళని పలకరించే మొదటి మాట అదే. బాగున్నావా అనరు. నడిచొచ్చిన మనిషిని అలిసిపోయావా అనే అడుగుతారు.

"ఏమన్నావమ్మా?" అంది ఝనెతా గారు.

"అలిసిపోయావా అని!" ఎల్బా విసుక్కుంది.

"అవును తల్లీ. అలిసిపోయాను."

"అయితే కూర్చో." చిన్న కుర్చీ ఒకటి బరబరా లాక్కొచ్చింది. ఝనెతా గారు అందులోనే ఇరుక్కుని కూర్చుంది, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఎల్బా ఎదురుగా ఇంకో కుర్చీలో సర్దుకుంది. "మీ ఇంట్లో ఆవులున్నాయా?"

"లేవమ్మా."

"మాకున్నాయి. రెండు. ఒకటి తన్నుతుంది."

ఆవు ఎవరిని తన్నిందో, ఎందుకు తన్నిందో వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆవుని ఎల్బా ఏనాడూ చూడలేదు, విన్నదే. రిజిస్టరు నేల మీద ఉండిపోయింది. చివరికి ఝనెతా గారు దాన్ని తీసి పేరు రాసుకుంటూ, "ఈ యాస ఎక్కడ పట్టిందండీ దీనికి?" అంది నాతో, నవ్వాపుకుంటూ. "రేపు మా క్లాసంతా కొండవాళ్ళలా మాట్లాడితే మీదే పూచీ."

బయటికొచ్చాం. ఎల్బా ఊయల వైపు పరిగెత్తింది. అత్తగారు బెంచీ అంచున, వీపు నిటారుగా పెట్టుకుని, చేతులు ఒళ్ళో వేసుకుని ఎండలోనే కూర్చుని ఉంది.

"తీసుకున్నారు లోకే!"

"అది సరే. పిల్ల ఏమంది?"

చెప్పాను. ఆవిడ తలూపింది. "సరిగ్గానే అడిగింది" అంది.

ఆవిడ పక్కన కూర్చున్నాను. చేతుల మీద నరాలు తేలి ఉన్నాయి. ఈవిడ గడ్డి కోత పోయింది. ఈవిడకి అలవాటు లేని వేడి, ఐదంతస్తుల మెట్లు, రోజుకి రెండు మూడు సార్లు పిల్లని చంకనేసుకుని. రోజుకి నూట యాభై మందికి ఫోన్ చేసి క్షేమమా అని అడిగేదాన్ని నేను. ఈ రెండున్నర నెలల్లో ఈవిడతో మాట్లాడిందంతా పిల్ల తిన్నదా, నిద్రపోయిందా, టీవీ ఎంతసేపు పెట్టారు, అంతే.

"లోకే, మీరు అలిసిపోయారా?"

ఆవిడ ఊయల మీద అరుస్తున్న మనవరాలి వైపు చూసింది.

"ఇప్పుడు అడిగావు కదా," అంది, "ఇప్పుడు అలిసిపోయాను."

అని, ఆ వేసవిలో మొదటిసారి, వెనక్కి ఆనుకుని కూర్చుంది.